గ్రైండరు లింకు ఎటు పోతుంది?

డాలస్‌కి ఉత్తరాన ప్లేనోలోనూ, దాన్ని ఆనుకుని ఉన్న ఫ్రిస్కో, అలెన్‌లలోనూ కొత్తగా కాపురం పెట్టిన తెలుగింట్లో మొదటి నెలలోనే ఒక ప్రశ్న పుడుతుంది: ఇక్కడి 110 వోల్టుల కరెంటు మీద నడిచే గ్రైండరు ఏది మంచిది? జవాబు చెప్పే సైట్లు, యూట్యూబు చానెళ్లు చాలానే ఉన్నాయి. జవాబు కింద ఒక లింకు ఉంటుంది. దాని మీద నొక్కి కొంటే రాసినవాళ్లకు కొంత కమిషను వస్తుంది. అందులో తప్పేమీ లేదు. ఆ లింకును ఏ రూపంలో పెట్టాలి, ఎంత కనపడనివ్వాలి అన్న దగ్గరే తగువు.

ఇక్కడ ఆ తగువు పడే అక్కా తమ్ముడూ నేను కల్పించిన మనుషులు. అక్క పగలు ఒక కంపెనీలో టెస్టింగు పని చేస్తుంది, రాత్రిళ్లు వంటింటి సామాను మీద తెలుగులో ఒక సైటు నడుపుతుంది. తమ్ముడు ప్రోగ్రామరు. సైటు లోపలి పనంతా అతనిదే. వాళ్ల నోట వచ్చే కేసులు, నిబంధనలు, తేదీలు మాత్రం కల్పన కావు.

అక్క: ఒరేయ్, రెండు లీటర్ల గ్రైండరు మీద నేను రాసిన వ్యాసంలో లింకు నొక్కితే ఫోన్లో లీటరుంబావు గ్రైండరు పేజీ వస్తోంది. అదే లింకు లాప్‌టాప్‌లో నొక్కితే రెండు లీటర్లదే వస్తోంది. ఏం చేశావు?

తమ్ముడు: ఆ రెండు లీటర్లది స్టాకు లేదక్కా. మళ్లీ ఎప్పుడొస్తుందో కూడా చెప్పడం లేదు. నొక్కినవాళ్లు ఉత్త చేతులతో వెనక్కి పోతారని చిన్నదానికి మళ్లించాను. లాప్‌టాప్ సంగతంటావా, మొదట్లో నేను పెట్టింది 301 రీడైరెక్టు. ఈ చిరునామా శాశ్వతంగా మారిపోయిందని బ్రౌజరుకి చెప్పడం అన్నమాట. నీ లాప్‌టాప్ ఆ మాట గుర్తుపెట్టుకుని, మన సర్వరుని మళ్లీ అడక్కుండా పాత చోటికే పోతోంది. ఇప్పుడు 302 చేశాను. అది తాత్కాలికం కాబట్టి ప్రతిసారీ మనల్ని అడిగే వెళుతుంది.

అక్క: నేనడిగింది 301, 302 గురించి కాదు. నేను రుబ్బి చూసింది ఆ చిన్న గ్రైండరు కాదు కదా! రాయి ఎంతసేపటికి వేడెక్కింది, మినప్పిండి ఎంత పొంగింది, నలుగురున్న ఇంటికి ఒక్క వాయితో సరిపోతుందా అని రాసిందంతా పెద్దదాని గురించి. పెళ్లిచూపుల్లో ఒక పిల్లని చూపించి పీటల మీద ఇంకో పిల్లని కూర్చోబెట్టినట్టుంది నువ్వు చేసింది.

తమ్ముడు: కంపెనీ అదే, మోటారు తీరు అదే. సైజు తేడా అవతలి పేజీలో పెద్దక్షరాలతో రాసే ఉంది. చూసి కొనుక్కోరా ఏమిటి? అయినా రీడైరెక్టు పెట్టుకున్నదే ఇందుకు. అమ్మేవాళ్లు వస్తువు తీసేస్తారు, పేజీ మారుస్తారు, కమిషను లెక్క చూసే అఫిలియేట్ ప్రోగ్రామునే ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మార్చేస్తారు. అప్పుడల్లా ఒక్కో వ్యాసమూ తెరిచి లింకు దిద్దాలంటే నీ వల్ల అవుతుందా? వర్డ్‌ప్రెస్‌లో ప్రెట్టీ లింక్స్, థర్స్టీ అఫిలియేట్స్ లాంటి ప్లగిన్లు పుట్టిందే ఈ అవసరం కోసం. మన సైటు పేరు, పక్కన 'గో', దాని పక్కన 'గ్రైండర్' అంతే కనిపిస్తుంది. అది ఎక్కడికి తీసుకుపోవాలో ఒక్కచోట రాసుకుంటాం.

అక్క: ఒక్కచోట మార్చే సౌకర్యమే నాకు భయంగా ఉంది. అక్షరం మారకుండా వ్యాసం అలాగే ఉంటుంది, నా పేరు కింద అలాగే ఉంటుంది, వస్తువు మాత్రం మారిపోతుంది. ఇవాళ స్టాకు లేదని మార్చావు. రేపు ఇంకెవరో రెండింతల కమిషను ఇస్తామంటే?

తమ్ముడు: నేనెందుకు మారుస్తానక్కా అలా?

అక్క: నువ్వు మార్చవని నాకు తెలుసు. చదివేవాళ్లకు ఎలా తెలుస్తుంది?

తమ్ముడు: ఇలా లింకు అసలు చిరునామా కప్పడాన్ని కూడా క్లోకింగ్ అంటారని నువ్వు బెదిరిపోతున్నావు. గూగుల్ తప్పు పట్టే క్లోకింగ్ వేరు. గూగుల్ నుంచి వచ్చే బాట్‌కి ఒక పేజీ చూపించి, మనిషి వస్తే ఇంకో పేజీ చూపించడం అది. 2006 ఫిబ్రవరిలో జర్మనీ బీఎండబ్ల్యూ సైటును గూగుల్ తన జాబితా నుంచే తీసేసింది, గుర్తుందా? సెర్చ్ ఇంజన్ కోసం మాటలు కుక్కిన పేజీ ఒకటి పెట్టి, మనిషి రాగానే జావాస్క్రిప్టుతో వేరే పేజీకి తోసేశారు. మన దగ్గర అలాంటిదేం లేదు. బాట్ వచ్చినా మనిషి వచ్చినా దారి ఒక్కటే. పైగా ప్రతి లింకుకీ 'స్పాన్సర్డ్' అని గుర్తు పెట్టాను. గూగుల్ 2019 సెప్టెంబరులో తెచ్చింది ఆ గుర్తు. డబ్బు సంబంధం ఉన్న లింకు అని గూగుల్‌కి దాచకుండా చెబుతున్నాం.

అక్క: గూగుల్‌కి చెప్పావు. బానే ఉంది. ఆ గుర్తు పేజీ వెనక కోడులో ఉంటుంది. గ్రైండరు కొనబోయే మనిషికి అది కనపడదు.

తమ్ముడు: మనిషికి కింద ఫుటరులో రాశాం కదా.

అక్క: ఫుటరు సంగతికి తర్వాత వస్తాను. ముందు మన ప్లేనోలో జరిగిందొకటి చెబుతాను. జేసీ పెన్నీ తెలుసుగా, లెగసీ డ్రైవ్ మీద అంత పెద్ద ఆఫీసు కట్టుకున్న కంపెనీ. 1902లో వయోమింగ్‌లో చిన్న కొట్టుగా మొదలై వందేళ్లు దాటి నిలబడింది. 2010 చివర క్రిస్మస్ కొనుగోళ్ల నెలల్లో గూగుల్‌లో డ్రెస్సులని వెతికినా, పక్క దుప్పట్లని వెతికినా, రగ్గులని వెతికినా మొదట వచ్చేది వీళ్లే. న్యూయార్క్ టైమ్స్ విలేకరి డేవిడ్ సెగల్‌కి అనుమానం వచ్చి ఒక నిపుణుడి చేత ఆరా తీయించాడు. బట్టలతో, దుప్పట్లతో ఏ సంబంధమూ లేని సైట్లలో, రెండు వేలకు పైగా పేజీల మీద, జేసీ పెన్నీకి లింకులు నాటి ఉన్నాయి. 2011 ఫిబ్రవరి 12న ఆ కథనం వచ్చింది. దానికి మూడు రోజుల ముందే గూగుల్ చర్య తీసుకుంది. ఒక కంపెనీ సూట్‌కేసుల పేరుతో వెతికితే ఆ సాయంత్రం ఏడింటికి మొదటి స్థానంలో ఉన్నది, తొమ్మిదింటికల్లా 71కి పడిపోయింది. లింకులు తాము పెట్టించలేదని జేసీ పెన్నీ చెప్పింది, సెర్చ్ పని చూసే సంస్థను తీసేసింది.

తమ్ముడు: అవి డబ్బిచ్చి పెట్టించిన లింకులు. రీడైరెక్టుతో దానికేం సంబంధం?

అక్క: లింకు అంటే అసలు ఏమిట్రా? ఇది చూడండి, బాగుంది అని ఒకరు వేలెత్తి చూపించడం. చూపించినందుకు డబ్బు ముట్టి, ఆ సంగతి చెప్పకపోతే ఆ చూపించడానికి విలువ లేదు. అక్కడ మోసపోయింది గూగుల్ ఒక్కటే కాదు, మొదట వచ్చింది కాబట్టి మంచిదనుకుని కొన్నవాళ్లు కూడా. మన దగ్గర వేలు నాది, డబ్బు ముట్టేది నాకు. దానికి తోడు వేలు ఎటు చూపిస్తోందో కూడా ముసుగు కప్పావు.

తమ్ముడు: సరే, అదే న్యూయార్క్ టైమ్స్ 2016లో, ఏ వస్తువు కొనాలో చెప్పే వైర్‌కట్టర్ సైటుని కొన్నది. మూడు కోట్ల డాలర్లు పెట్టిందన్నారు. వైర్‌కట్టర్ బతికేది ఎక్కువగా అఫిలియేట్ కమిషను మీద. పెన్నీని పట్టించిన పత్రికే ఈ వ్యాపారం చేస్తుంటే, రెండు వందల డాలర్ల గ్రైండరు మీద తొమ్మిది డాలర్లు వచ్చే మనకెందుకింత పట్టింపు?

అక్క: వాళ్లు కమిషను తీసుకుంటున్నామని పేజీ మొదట్లోనే రాస్తారు. నేను కమిషను వద్దనడం లేదు. సర్వరు అద్దె, డొమైను, కెమెరా, కొని చూసి పక్కన పడేసిన సామాను, వీటన్నిటికీ అదే ఆధారం. నా పేచీ అంతా ముసుగు మీద.

తమ్ముడు: ముసుగు లేకపోతే ఎలా ఉంటుందో చూశావా? ఇదిగో చూడు. అమెజాన్ డాట్ కామ్, దాని తర్వాత వస్తువు పేరు సగం సగం తెగి, 'డీపీ', పదక్షరాల నంబరు, ప్రశ్నార్థకం, 'రెఫ్', ఏవేవో అంకెలు, చివర 'ట్యాగ్' అని మన ఖాతా పేరు, మైనస్ 20. రెండు బారల పొడవుంది. ఇది చూస్తేనే జనం వైరస్ అనుకుంటారు. ఇంకోటి, మన వాళ్లలో కొందరు ఆ ట్యాగ్ చూసి, వీళ్లకెందుకు పోవాలి కమిషను అని అది చెరిపేసి మరీ కొంటారు. వాట్సాప్ గ్రూపులో ఒకాయన ఎలా చెరపాలో అందరికీ నేర్పించాడు కూడా!

అక్క: చెరుపుకోనీ. అది వాళ్ల ఇష్టం. నా వ్యాసం చదివి, నాకు తొమ్మిది డాలర్లు రాకూడదనుకునే హక్కు వాళ్లకుంది. వాళ్లకు తెలియకుండా తీసుకునే హక్కు నాకు లేదు. ఇక పొడవంటావా, ఆ మధ్యలో చెత్తంతా అక్కర్లేదు. 'డీపీ', పదక్షరాల నంబరు, ట్యాగ్. ఈ మూడుంటే లింకు పనిచేస్తుంది. నేను తీసేసి చూశాను.

తమ్ముడు: టెస్టరువి కదా మరి!

అక్క: ఇంకో సంగతి చెబుతాను. ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం. 2024 మార్చి నుంచి టోలు బాకీ ఉందంటూ ఫోన్లకు మెసేజీలు వచ్చాయి చూడు. ఏప్రిల్ మధ్యకల్లా ఎఫ్‌బీఐ ఫిర్యాదుల కేంద్రానికి రెండు వేలకు పైగా ఫిర్యాదులు వెళ్లాయి. మన టోలు రోడ్ల సంస్థ ఎన్‌టీటీఏ పేరు పెట్టుకుని కూడా పంపారు. వాళ్ల ఆఫీసు ఉన్నది ఇక్కడే, ప్లేనో పార్క్‌వే మీద. కారున్న ప్రతివాడికీ టోల్‌ట్యాగ్ ఉంటుంది కాబట్టి నిజమే అనుకుంటాడు. అప్పుడు అమ్మకి ఏం నేర్పించాం? లింకు మీద వేలు ఊరికే నొక్కకు, నొక్కి పట్టుకో, అసలు చిరునామా పైకి వస్తుంది, అది చదివి అప్పుడు వెళ్లు అని. అమ్మ ఇప్పుడు ప్రతి లింకూ అలాగే చూస్తుంది. మన సైటులో లింకు నొక్కి పట్టుకుంటే ఏం కనిపిస్తుంది? మన సైటు పేరే. లోపల అమెజాన్ ఉందో ఇంకేదైనా ఉందో అమ్మకి తెలిసే దారి లేదు. మనం నేర్పిన జాగ్రత్తని మనమే పనికిరాకుండా చేస్తున్నాం.

తమ్ముడు: మన సైటు కాబట్టి అమ్మ నమ్ముతుంది.

అక్క: నమ్ముతుంది కాబట్టే కప్పకూడదు. పైగా పోయినసారి నువ్వేదో అన్నావు, 'గో' తర్వాత ఏ చిరునామా రాస్తే అక్కడికి పోయేట్టు పెడతానని. ఒక్కో లింకూ విడిగా నమోదు చేసుకోవడం బద్ధకమని.

తమ్ముడు: అది పెట్టలేదు. పెట్టను కూడా. దాన్ని ఓపెన్ రీడైరెక్టు అంటారు. అలా వదిలేస్తే ఎవడైనా మన సైటు పేరు ముందు పెట్టి, చివర దొంగ బ్యాంకు పేజీ తగిలించి వాట్సాప్‌లో వదులుతాడు. చూసేవాళ్లకు మన పేరే కనిపిస్తుంది. ఆ మాట వరకూ నువ్వే గెలిచావు. కానీ మనం ముందే రాసిపెట్టుకున్న చిరునామాలకు మాత్రమే పోయే రీడైరెక్టులో ఆ ప్రమాదం లేదు. రెండిటినీ ఒక గాట కట్టకు.

అక్క: కట్టను. ఇప్పుడు అమెజాన్ సంగతి చూద్దాం. ఖాతా నా పేరున ఉంది కాబట్టి నిబంధనలన్నీ కూర్చుని చదివాను. ఏ సైటు నుంచి మనిషి వచ్చాడో తెలియకుండా లింకును కప్పిపుచ్చకూడదు అని ఉంది.

తమ్ముడు: అదే నేనూ చెప్పేది. మనం ఎక్కడి నుంచి వస్తున్నామో వాళ్లకు దాచడం లేదు. రెఫరర్‌ని నేను తుడిచేయలేదు. మనిషి మన సైటు నుంచే వచ్చాడని అమెజాన్‌కి తెలుస్తూనే ఉంది.

అక్క: పక్కనే ఇంకోటి ఉంది. అమెజాన్‌కి వెళుతున్నామని తెలియని విధంగా లింకును కుదించకూడదు అని. 'గో, గ్రైండర్' అంటే అమెజాన్ అని ఎవరికి తెలుస్తుంది?

తమ్ముడు: వాళ్లే చిన్న లింకు చేసి ఇస్తున్నారు కదా!

అక్క: ఇస్తారు. దాని పేరులోనే అమెజాన్ గుర్తు ఉంటుంది. చూడగానే పోల్చుకోవచ్చు. మనది అలా లేదు. రేపు వాళ్లు ఖాతా మూసేస్తే రావలసిన కమిషను కూడా ఆపేసే హక్కు వాళ్లకుందని ఆ కాగితంలోనే ఉంది. నీ వాదన ఎంత పదునైనదైనా వినడానికి అవతల ఎవరుంటారు?

తమ్ముడు: ఒప్పుకోను గానీ, సరే. ఇంకో కారణం చెబుతాను విను. కమిషను దొంగలు. లింకు బాహాటంగా ఉంటే మన ట్యాగ్ తీసేసి తమది పెట్టుకునే ప్రోగ్రాములున్నాయి. క్లోకింగ్ పుట్టిన రోజుల్లో అందరూ చెప్పుకున్న మొదటి కారణం ఇదే.

అక్క: ఇదెలా జరుగుతుందో నాకు విడమరిచి చెప్పు.

తమ్ముడు: లింకు నొక్కగానే అమ్మేవాళ్లు బ్రౌజరులో ఒక కుకీ పెడతారు. ఫలానా వాళ్లు పంపారు అన్న చీటీ అది. అమెజాన్‌లో దాని ఆయుష్షు 24 గంటలు. ఆ లోపు కొంటే కమిషను మనది. కొనేలోపు ఇంకొకరి లింకు నొక్కితే చీటీ వాళ్లదైపోతుంది. చివరి క్లిక్కు ఎవరిదైతే వాళ్లదే డబ్బు. చాలా కంపెనీల్లో పద్ధతి ఇదే.

అక్క: అయితే నీ క్లోకింగ్ దేన్ని కాపాడింది? 2024 డిసెంబరులో మెగాల్యాగ్ అనే యూట్యూబరు హనీ మీద పెట్టిన వీడియో నువ్వే నాకు పంపావు. కూపన్లు వెతికిపెట్టే ఆ ఎక్స్‌టెన్షన్‌ని పేపాల్ 2020లో నాలుగు వందల కోట్ల డాలర్లకు కొన్నది. డబ్బు కట్టే పేజీ దగ్గర కూపను వెతికే వంకతో యూట్యూబర్ల చీటీ తీసేసి తన చీటీ పెట్టుకుంటోందని ఆరోపణ. కాలిఫోర్నియా కోర్టులో దావాలు పడ్డాయి. తాము పరిశ్రమలో ఉన్న చివరి క్లిక్కు పద్ధతినే పాటిస్తున్నామని పేపాల్ అంది. నిజానిజాలు తేల్చాల్సింది కోర్టు. కానీ అక్కడ చీటీ మారిందంటున్నది ఎక్కడ? లింకు దగ్గర కాదు, డబ్బు కట్టే చోట. అప్పటికి నీ 'గో' దాటి మనిషి ఎప్పుడో వెళ్లిపోయాడు. మన లింకు కప్పినా కప్పకపోయినా జరిగేది అదే.

తమ్ముడు: (కాసేపాగి) అవును. అక్కడ అది పనిచేయదు. 2025 మార్చిలో గూగుల్ కూడా క్రోమ్ ఎక్స్‌టెన్షన్లకు నిబంధన బిగించింది. వాడేవాడికి మేలేమీ చేయకుండా అఫిలియేట్ కోడ్ దూర్చకూడదని.

అక్క: చాటుగా దూర్చడం ఎక్కడిదాకా పోయిందో ఈబే వాళ్ల కేసు చూడు. ఈబేకి అందరికంటే ఎక్కువ వ్యాపారం తెచ్చిపెట్టిన ఇద్దరు అఫిలియేట్లు, మనిషి ఏ లింకూ నొక్కకుండానే అతని బ్రౌజరులో ఈబే చీటీ పడేట్టు చేశారు. పేజీ చూస్తే చాలు, చీటీ పడిపోతుంది. ఆ తర్వాత ఎప్పుడో అతను తనంతట తాను ఈబేకి వెళ్లి కొన్నా కమిషను వీళ్లకి. 2008లో ఈబే దావా వేసింది, తర్వాత ఫెడరల్ కేసయింది. 2014లో ఒకరికి 15 నెలలు, ఇంకొకరికి 5 నెలలు జైలు పడింది. 

తమ్ముడు: అక్కా, గ్రైండరు లింకు దగ్గర మొదలెట్టి జైలుదాకా తెచ్చావు. నేను చేసింది అది కాదు.

అక్క: కాదు. నువ్వు చేసింది వేరు, వాళ్లు చేసింది వేరు. ఇద్దరికీ ఒక్కటే కలుస్తుంది: కొనేవాడికి కనపడకపోతే నష్టమేముంది అన్న మాట. అక్కడికే వస్తున్నాను.

తమ్ముడు: ఇప్పుడు నా మాట విను. హైదరాబాదు నుంచి, విజయవాడ నుంచి మన సైటు చదివేవాళ్లు ఎంతమంది ఉన్నారో నీకు తెలుసు. వాళ్లు గ్రైండరు లింకు నొక్కితే అమెరికా అమెజాన్‌కి పోతే ఏం లాభం? అక్కడి కరెంటు 230 వోల్టులు. ఇక్కడి 110 వోల్టుల సామాను అక్కడ ప్లగ్గులో పెడితే మోటారు కాలిపోతుంది. అదే అక్కడి లింకు ఇక్కడివాళ్లు నొక్కి, బంధువుల చేత కొనిపించి సూట్‌కేసులో తెప్పించుకుంటే ఇక్కడ రాయి తిరగదు. నా రీడైరెక్టు మనిషి ఏ దేశంలో ఉన్నాడో చూసి, ఇండియా వాళ్లని ఇండియా అమెజాన్‌కి, ఇక్కడివాళ్లని ఇక్కడి అమెజాన్‌కి పంపుతుంది. ట్యాగ్ కూడా వేరు. ఇక్కడిది 20తో ముగుస్తుంది, అక్కడిది 21తో. నేరుగా లింకు పెట్టాలంటే ఇదంతా పోతుంది. చెప్పు, ఇది చదివేవాళ్లకు మేలా కాదా?

అక్క: మేలే. ఇది నేను ఆలోచించలేదు.

తమ్ముడు: మరి?

అక్క: మేలు చేస్తున్నప్పుడు చెప్పడానికేం? రెండు లింకులూ పక్కపక్కన పెట్టు. 'అమెరికాలో ఉన్నవాళ్లకు, 110 వోల్టులు, అమెజాన్ డాట్ కామ్.' కింద 'ఇండియాలో ఉన్నవాళ్లకు, 230 వోల్టులు, అమెజాన్ డాట్ ఇన్.' మనిషి ఎక్కడున్నాడో యంత్రం ఊహించడం ఎందుకు? ఇక్కడ కూర్చుని గుంటూరులో ఉన్న అత్తగారికి గ్రైండరు కొనేవాళ్లు లేరా? వాళ్లని నీ రీడైరెక్టు తప్పు దుకాణానికి పంపుతుంది కదా.

తమ్ముడు: ...అలా కొనేవాళ్లు చాలామందే ఉన్నారు. పండక్కి నేనూ కొన్నాను అలా.

అక్క: ఇక ఫుటరు. వినియోగదారుల రక్షణ చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ వాళ్లు తమ ఎండార్స్‌మెంట్ గైడ్లు 2009లో దిద్దారు, మళ్లీ 2023లో దిద్దారు. డబ్బు సంబంధం ఉంటే ఆ సంగతి స్పష్టంగా, కంటపడక తప్పని చోట చెప్పాలి. పేజీ అడుగున, ఇంకో లింకు వెనక, 'మా గురించి'లో పెడితే చెప్పినట్టు కాదు. 'అఫిలియేట్ లింకు' అని రెండు మాటలు పక్కన రాసి ఊరుకుంటే కూడా చాలదని వాళ్లే అంటారు. దానర్థం మామూలు మనిషికి తెలియాలని లేదు కదా. ఇండియాలోనూ అంతే. 2023 జనవరిలో వినియోగదారుల వ్యవహారాల శాఖ సోషల్ మీడియాలో వస్తువుల గురించి చెప్పేవాళ్లకు మార్గదర్శకాలిచ్చింది. తప్పుదారి పట్టించే ప్రకటనకు మొదటిసారి పది లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేసే అధికారం వినియోగదారుల సంరక్షణ చట్టంలో ఉంది.

తమ్ముడు: మనలాంటి చిన్న సైటు జోలికి ఎవరొస్తారక్కా?

అక్క: రాకపోవచ్చు. కానీ మన సైటు చదివి కొన్నవాళ్లు నాకు గుడిలో కనిపిస్తారు, ఇండియన్ గ్రోసరీలో కనిపిస్తారు, పిల్లల్ని బడి నుంచి తెచ్చుకునే లైనులో పక్క కారులో ఉంటారు. మీరు చెప్పిందే కొన్నామండీ అంటారు. నాకు ఎఫ్‌టీసీ కంటే వాళ్లెదురుపడితే భయం. మీరు రాసింది ఒకటి, మాకొచ్చింది ఒకటి అని ఒక్కరు అన్నా నేను సైటు మూసుకోవాల్సిందే.

తమ్ముడు: నీ మాట ప్రకారమే పోతే మనకు పోయేవేమిటో విను. ఏ వ్యాసం మీద ఎన్ని క్లిక్కులు పడుతున్నాయో తెలియదు. పాడైన లింకులు పాడయ్యే ఉంటాయి. స్టాకు లేని రోజున వచ్చిన మనిషి కొనకుండా పోతాడు. పోయినవాడు మళ్లీ రాడు.

అక్క: క్లిక్కుల లెక్కకి అమెజాన్‌లోనే వేరువేరు ట్రాకింగ్ ఐడీలు పెట్టుకోవచ్చు. వ్యాసానికొకటి పెట్టు. పాడైన లింకులు వెతకడం నా రోజువారీ పనే. వారానికోసారి లింకు చెకరు నడిపి జాబితా నేనిస్తాను, నువ్వు దిద్దు. స్టాకు లేకపోతే లేదనే రాద్దాం. 'ప్రస్తుతం దొరకడం లేదు. ఇదే కంపెనీ లీటరుంబావుది ఉంది. దాన్ని మేము వాడి చూడలేదు.' తేదీ వేద్దాం. ఆ చివరి వాక్యం మాత్రం తీయడానికి వీల్లేదు.

తమ్ముడు: ఆ వాక్యం చూసి ఎవరూ కొనరు.

అక్క: కొనకపోతే కొనకపోనీ.

తమ్ముడు: మరి అమెజాన్ కాని దుకాణాలు? ఇత్తడి సామాను వాళ్లు, రాతి చిప్పల వాళ్లు నెలకోసారి లింకు మారుస్తుంటారు. వాటికి రీడైరెక్టు లేకుండా నేను నెట్టుకురాలేను.

అక్క: వాటికి ఉంచుకో. రీడైరెక్టు నాకు శత్రువు కాదు. కానీ 'గో' తర్వాత వస్తువు పేరు కాదు, దుకాణం పేరు పెట్టు. నొక్కి పట్టుకుంటే ఎవరి దగ్గరికి పోతున్నారో తెలియాలి. వస్తువు మార్చాల్సి వస్తే ముందు వ్యాసం మారాలి, తర్వాత లింకు. లింకు పైనే తెలుగులో రాయి: 'ఇక్కడ నొక్కి కొంటే మాకు కమిషను వస్తుంది.'

తమ్ముడు: 'మీకు ధర పెరగదు' అని కూడా రాయనా? అందరూ రాస్తారు.

అక్క: ఇవాళ్టికి నిజమైతే రాయి. 

తమ్ముడు: చేస్తాను గానీ, ఆదాయం తగ్గుతుందని నేను ముందే చెప్పానని గుర్తుంచుకో. నా లెక్కలో ఇంకా నువ్వే తప్పు.

అక్క: ఉంచుకుంటాను. ముందు ఆ గ్రైండరు లింకు వెనక్కి తిప్పు.

ఆ తమ్ముడి లెక్క నిజమే కావచ్చు, కొన్నాళ్లు ఆదాయం తగ్గనూ వచ్చు. అయినా నేను అక్క పక్షమే. రీడైరెక్టు పనిముట్టు మాత్రమే. దాన్ని లింకులు పాడవకుండా చూసుకోవడానికి వాడుకోవడంలో నాకు అభ్యంతరం లేదు. వ్యాసం చదివి నమ్మిన మనిషి ఎక్కడికి పోతున్నాడో, ఎవరికి డబ్బు చేకూరుస్తున్నాడో దాచడానికి వాడితే అది మోసమే, మొత్తం తొమ్మిది డాలర్లే అయినా సరే. సైట్లు, చానెళ్లు నడిపే తెలుగువాళ్లందరికీ నా విన్నపం ఒక్కటే. ఈ వారం మీ పాత వ్యాసాలు, వీడియోలు తెరిచి, కింద ఉన్న లింకులన్నీ మీరే ఒకసారి నొక్కి చూడండి. మీరు వాడి చూసిన వస్తువు దగ్గరికే పోతున్నాయా? కమిషను మాట లింకు పైన, తెలుగులో, కంటికి ఆనేలా ఉందా? లేకపోతే దయచేసి ఇవాళే దిద్దండి.